ఉత్తరం అడుగున ఒక్క వాక్యం

హోర్డింగులు లేవు, టీవీ యాడ్లు లేవు. అయినా ఏడాదిన్నరలో కోటిమందికి పైగా వచ్చి చేరారు. హాట్‌మెయిల్ యథార్థ గాథ.

1995 డిసెంబరు. ఆఫీసు ముగించుకుని జాక్ స్మిత్ కారులో ఇంటికి బయల్దేరాడు. ఇల్లు లివర్‌మోర్‌లో. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం మీది డంబార్టన్ వంతెన దాటుతుండగా బుర్రలో ఏదో తట్టింది. సెల్‌ఫోన్ తీసి స్నేహితుడు సబీర్ భాటియాకి కలిపాడు. రెండు ముక్కలు చెప్పాడో లేదో సబీర్ అడ్డుపడ్డాడు. ఇక ఒక్క మాటా వద్దు, ఫోన్ పెట్టేసి ఇంటికెళ్లి మామూలు ఫోన్ నుంచి చెయ్యమన్నాడు. గాల్లో పోయే మాట ఎవరి చెవిన పడుతుందోనని అతని భయం.

పావుగంట తర్వాత ఫోన్ మళ్లీ మోగింది.

జాక్ చెప్పింది వింటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఈమెయిల్‌ని వెబ్ పేజీలో పెడదాం అన్నాడు, అంతే. కానీ ఆ రోజుల్లో ఈమెయిల్ అంటే ఆఫీసు కంప్యూటర్లోనో, డబ్బు కట్టి నెట్ పెట్టించుకున్న ఇంట్లోనో కట్టేసినట్టు ఉండేది. ఆ కంప్యూటర్ దగ్గర కూర్చుంటేనే ఉత్తరం. ఊరు మారితే లేదు, ఉద్యోగం మారితే అసలు అడ్రసే లేదు.

ఈ ఇబ్బంది వాళ్లిద్దరికీ స్వయంగా తెలుసు. ఇద్దరూ ఫైర్‌పవర్ సిస్టమ్స్ అనే కంపెనీలో ఇంజినీర్లు. ఉద్యోగం చేస్తూనే సొంత కంపెనీ గురించి గుట్టుగా మంతనాలు సాగిస్తున్నారు. ఆఫీసు మెయిల్లో రాసుకుంటే పైవాళ్లు చదివే ప్రమాదం ఉంది. సొంత మెయిల్ తెరుద్దామంటే ఆఫీసు ఫైర్‌వాల్ తెరవనివ్వదు. చీటీల మీద రాసుకుని, ఫ్లాపీల్లో వేసుకుని చేతులు మార్చుకునేవాళ్లు. ఆ చిరాకులోంచే ఈ ఆలోచన పుట్టింది. బ్రౌజర్ ఉన్న ఏ కంప్యూటర్ నుంచైనా మన ఉత్తరాలు మనం చూసుకోగలిగితే?

ఆ రాత్రి సబీర్ నిద్రపోలేదు. తెల్లవార్లూ కూర్చుని వ్యాపార ప్రణాళిక రాశాడు. మర్నాడు ఎర్రబడ్డ కళ్లతో ఆఫీసుకొస్తే, పార్టీలు కాస్త తగ్గించుకోమని బాస్ పక్కకి పిలిచి మరీ మందలించాడట.

జేబులో 250 డాలర్లు

సబీర్ చండీగఢ్‌లో పుట్టి బెంగళూరులో పెరిగాడు. నాన్న రక్షణ శాఖలో, అమ్మ బ్యాంకులో పనిచేశారు. బిట్స్ పిలానీలో చేరి, అక్కడి నుంచి కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌కి మారాడు. బదిలీ విద్యార్థులకు కాల్‌టెక్ పెట్టే పరీక్ష కొరుకుడు పడనిదని పేరు. 1988లో లాస్ ఏంజెలెస్‌లో దిగినప్పుడు అతని వయసు 19, జేబులో ఉన్నవి 250 డాలర్లు. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో మాస్టర్స్ చేసి యాపిల్‌లో చేరాడు. జాక్ స్మిత్ అక్కడే పరిచయమయ్యాడు.

చదువుంది, ఆలోచనుంది. డబ్బే లేదు. సిలికాన్ వ్యాలీలో పెట్టుబడిదారుల గుమ్మాలు తొక్కడం మొదలుపెట్టాడు. అసలు ఆలోచన చెబితే ఎవరైనా తన్నుకుపోతారని అనుమానం. అందుకే ముందు జావాసాఫ్ట్ అని ఒక డేటాబేస్ పథకాన్ని చూపించేవాడు. అదే అతని ఎర. దాన్ని సరైన కారణాలతో తప్పు పట్టినవాళ్లకే ఈమెయిల్ సంగతి విప్పాలని లెక్క. వయసు తక్కువ, అనుభవం లేదు అంటూ కొట్టిపారేసినవాళ్ల దగ్గర రెండో కాగితం సంచిలోంచి బయటికి రాలేదు.

అలా చాలాచోట్ల తలుపులు మూసుకున్నాక డ్రేపర్ ఫిషర్ జుర్వెట్సన్ సంస్థ దగ్గరికి వెళ్లాడు. అక్కడ స్టీవ్ జుర్వెట్సన్ డేటాబేస్ పథకంలో లొసుగులు చకచకా పట్టేశాడు. ఇతనే మనవాడు అనుకుని సబీర్ రెండో కాగితం బయటపెట్టాడు. వాళ్లకి నచ్చింది. 3 లక్షల డాలర్లిస్తాం, కంపెనీలో 30 శాతం వాటా ఇమ్మన్నారు. సబీర్ 15 శాతం దాటి ఇవ్వనన్నాడు. చేతిలో మరో బేరం లేకపోయినా లేచి బయటికి నడిచాడు. వాళ్లే వెనక్కి పిలిచారు. 1996 ఆరంభంలో 15 శాతానికే బేరం కుదిరింది.

3 లక్షల డాలర్లంటే వినడానికి ఘనంగానే ఉంటుంది. సర్వర్లు కొని, మనుషుల్ని పెట్టుకుని, ప్రోగ్రాము రాసి జనం ముందుకు తేవడానికి అది బొటాబొటి. తొలి ఉద్యోగుల్లో చాలామందిని జీతానికి బదులు వాటాల ఆశ చూపి పనిలోకి తెచ్చుకున్నారు. మరి ఇలాంటిదొకటి ఉందని లోకానికి చెప్పేదెలా?

పెద్ద గొడవ

పెట్టుబడి పెట్టిన ఆ డ్రేపర్ ఫిషర్ సంస్థ పెద్దల్లో ఒకరైన టిమ్ డ్రేపర్ ఆనాటి సంభాషణని తర్వాత చాలాచోట్ల చెప్పుకున్నాడు. జనానికి ఎలా తెలియజేస్తారు అని అతను అడిగాడట. హోర్డింగులు పెడతాం, రేడియోలో చెప్పిస్తాం అని కుర్రాళ్లు జవాబిచ్చారు. ఊరికే ఇచ్చే సరుకుకి అంత ఖరీదైన ప్రచారమా అని డ్రేపర్ గుండె గుభేలుమంది. పోనీ నెట్‌లో ఉన్నవాళ్లందరికీ ఒక మెయిల్ కొడితే? అడగనివాళ్లకి పంపడం తప్పు, అది స్పామ్ అవుతుందని వాళ్లు తల అడ్డంగా ఊపారు.

డ్రేపర్ బిజినెస్ స్కూల్లో చదివిన పాఠాల్లో టప్పర్‌వేర్ ఒకటి. ఆ డబ్బాలు షాపుల కన్నా ఇళ్లలో ఎక్కువ అమ్ముడుపోయేవి. ఒకావిడ ఇరుగుపొరుగుని టీకి పిలుస్తుంది, డబ్బాలు చూపిస్తుంది. వచ్చినవాళ్లలో ఇద్దరు ముగ్గురు తమ ఇళ్లలో ఇంకొందరిని పిలుస్తారు. కంపెనీ మొహం చూసి కొనేవాళ్లు తక్కువ, పిలిచిన స్నేహితురాలి మొహం చూసి కొనేవాళ్లే ఎక్కువ. అది గుర్తొచ్చి డ్రేపర్ ఒక మాట అడిగాడు. మీ సర్వరు గుండా వెళ్లే ప్రతి ఉత్తరం అడుగునా ఒక వాక్యం చేర్చగలరా?

చేర్చగలం. కానీ చేర్చం అన్నారు వాళ్లు.

వాళ్ల బాధ అర్థం చేసుకోదగ్గదే. ఒకడు వాళ్లమ్మకి రాసుకున్న ఉత్తరంలో మనం వేలు పెట్టడమేంటి? ఉచితంగా ఇస్తున్నాం కదా అని వాడి మాటల కింద మన మాట అతికిస్తామా? ఈమెయిల్ అంటే ఇంజినీర్లకి అప్పట్లో దాదాపు పవిత్రమైన వస్తువు. డ్రేపర్ వదల్లేదు. ఆ ఉత్తరం అందుకున్నవాడు చేరి ఇంకొకరికి రాస్తే అందులోనూ ఆ వాక్యం వెళ్తుంది కదా అని గుచ్చి గుచ్చి అడిగాడు. వెళ్తుంది. అయితే ఇంకేం!

అతను కోరిన వాక్యం మొదట్లో మరీ చిలిపిగా ఉంది. తోకగా ఐ లవ్ యూ అని పెట్టి, హాట్‌మెయిల్‌లో ఉచిత ఈమెయిల్ తీసుకోండి అని రాయమన్నాడు. సబీర్, జాక్ బెంబేలెత్తారు. ఆఫీసు మేనేజరుకి రాసిన ఉత్తరం అడుగున ఐ లవ్ యూ వెళ్తే ఇంకేమైనా ఉందా! లాగీ పీకీ చివరికి రాజీపడ్డారు. ప్రేమ పోయింది, వాక్యం నిలిచింది. మీ సొంత ఈమెయిల్ ఉచితంగా పొందండి అంటూ పక్కనే సైటు అడ్రసు. నొక్కితే నేరుగా చేరే పేజీ తెరుచుకుంటుంది.

మనకిది కొత్త కాదు. ఇంటికొచ్చిన పెళ్లి శుభలేఖ తిరగేస్తే అడుగున చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరు, ఊరు ఉంటాయి. కార్డు వేయించిన ఖర్చు పెళ్లివారిది, ఐదొందల గడపలకి పంచే శ్రమ కూడా వాళ్లదే. వచ్చే ఏడాది పిల్ల పెళ్లి పెట్టుకున్న ఇంటాయన ఆ మూల చదివి ప్రెస్సు వెతుక్కుంటూ వెళ్తాడు. ప్రెస్సువాడు ప్రకటనకి పెట్టింది ఒక లైను సిరా.

జులై 4

1996 జులై 4, అమెరికా స్వాతంత్ర్య దినం. సెలవు రోజున హాట్‌మెయిల్ తలుపులు తెరుచుకున్నాయి. పేరులో వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ అక్షరాలు వరసగా కనబడేలా కొన్నింటిని పెద్దవి, కొన్నింటిని చిన్నవి చేసి రాసేవారు. ఒక్కో ఖాతాకి ఇచ్చిన జాగా 2 మెగాబైట్లు. ఇవాళ ఫోన్‌లో తీసే ఒక్క ఫొటోకి సరిపోని జాగా. అప్పట్లో అదే దర్జా.

మొదటి రోజు నుంచే జనం రావడం మొదలైంది. ఎలా తెలిసిందంటే స్నేహితుడు చెప్పాడు అనేవాళ్లే ఎక్కువ. పెట్టుబడిదారులు అంకెల్ని ప్రాంతాలవారీగా గమనిస్తుంటే ఒక వింత బయటపడింది. ఫలానా యూనివర్సిటీ ఊరి నుంచి ఒక్కడు చేరతాడు. కొన్నాళ్లకి అదే ఊరి నుంచి పదులు, తర్వాత వందలు. మరో మూల ఇంకో ఊరు, మళ్లీ అదే వరస. ఏ ఊరికీ హాట్‌మెయిల్ మనిషి వెళ్లలేదు. మొదట చేరిన కుర్రాడు సెలవులకి ఇంటికెళ్లిన రూమ్‌మేట్‌కి రాశాడు, రూమ్‌మేట్ అక్కడి స్నేహితులకి రాశాడు.

ఆరు నెలలు తిరిగేసరికి పది లక్షల మంది అయ్యారు. కస్టమర్లు దొరకరేమో అని భయపడ్డ కుర్రాళ్లకి ఇప్పుడు వచ్చినవాళ్లని మోసే సర్వర్లు ఎక్కణ్నుంచి తేవాలన్నది భయం. ఊరికే వచ్చిన జనం ఊరికే పోగలరు కూడా. రెండుసార్లు మెయిల్ తెరుచుకోకపోతే మూడోసారి ప్రయత్నించరు.

జుర్వెట్సన్ తర్వాత రాసిన లెక్క ప్రకారం 18 నెలల్లో ఖాతాదారులు కోటీ ఇరవై లక్షలకి చేరారు. మామూలు ప్రచారానికి పెట్టిన ఖర్చు 50 వేల డాలర్లే. అంటే ప్రకటనే లేదనడం నిజం కాదు. తలకి లెక్కేస్తే అర సెంటు కూడా పడని ప్రకటన. అదే కాలంలో జూనో అనే కంపెనీ కూడా ఉచిత ఈమెయిల్ ఇచ్చింది. జుర్వెట్సన్ లెక్కలో జూనో ప్రచారానికి పెట్టింది 2 కోట్ల డాలర్లు. వచ్చినవాళ్లు హాట్‌మెయిల్ కన్నా చాలా తక్కువ. జూనో వాడాలంటే దాని సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలి. హాట్‌మెయిల్‌కి వేలితో ఒక నొక్కు చాలు. ఉత్తరం చదివినవాడికి ఆసక్తి పుట్టిన క్షణానికీ, ఖాతా తెరిచిన క్షణానికీ మధ్య రెండు నిమిషాలు కూడా లేవు. మనసు మారే వ్యవధే ఇవ్వలేదన్నమాట.

ఇంకో తమాషా ఉంది. హాట్‌మెయిల్ బతకాలనుకున్నదే ప్రకటనల మీద. చేరేటప్పుడు వయసు, వృత్తి లాంటి వివరాలు అడిగి, వాటిని బట్టి తెర మీద ఇతరుల ప్రకటనలు చూపించి డబ్బు సంపాదించాలన్నది దాని పథకం. అందరికీ ప్రకటనల జాగా అమ్మే కంపెనీ తన కస్టమర్ల కోసం ఆ జాగా పెద్దగా కొనుక్కోలేదు.

మన వీధి చివర సైబర్ కేఫ్

హాట్‌మెయిల్ ఒక్క పైసా ప్రచారం చెయ్యకుండానే అతి పెద్ద మెయిల్ సంస్థగా నిలిచిన దేశాలుగా జుర్వెట్సన్ పేర్కొన్నవాటిలో స్వీడన్, భారత్ ఉన్నాయి. స్వీడన్ సంగతేమో గానీ, ఇండియా సంగతి మనకి తెలుసు.

విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న మహానగరాల్లో ఇంటర్నెట్ ప్రజలకి ఇవ్వడం మొదలుపెట్టింది. కనెక్షన్ ఖరీదు, లైను నత్తనడక. ఇంట్లో కంప్యూటర్ ఉండటమే గొప్ప. 1998 చివర్లో ప్రైవేటు కంపెనీలకి దారి తెరిచాక సత్యం ఆన్‌లైన్ లాంటివి వచ్చాయి, వాటి వెంటే వీధివీధినా సైబర్ కేఫ్‌లు వెలిశాయి. సొంత కంప్యూటర్, సొంత ఫోన్ లైను, సొంత కనెక్షన్ లేనివాడికి కూడా సొంత అడ్రసు ఇచ్చింది ఈ వెబ్ మెయిల్. అమెరికాలో ఎవరి ఇబ్బంది చూసి పుట్టిందో గానీ, అది అమీర్‌పేట కుర్రాడి కొలతలు తీసి కుట్టినట్టు సరిపోయింది.

2000 సంవత్సరం వస్తే కంప్యూటర్ల తేదీలు తప్పుతాయన్న వైటూకే భయం రోజులవి. తెలుగిళ్ల పిల్లలు గుంపులుగా అమెరికా వెళ్తున్నారు. ఏరోగ్రామ్ రాస్తే జవాబుకి వారాలు పట్టేది. ఐఎస్‌డీ బూత్‌లో ఎర్రంకెలు పరుగెత్తుతుంటే బాగున్నావా, తిన్నావా అనేలోపు వందలు అయిపోయేవి. అప్పుడు న్యూజెర్సీ వెళ్లిన అన్నయ్య మెయిల్ ఐడీ తీసుకోరా, రోజూ రాసుకోవచ్చు అని తమ్ముడికి చెప్పాడు. తమ్ముడు కేఫ్‌కి వెళ్లాడు. ప్లైవుడ్ గదిలో అక్షరాలు చెరిగిపోయిన కీబోర్డు, గుర్‌ర్‌మని మూలిగే మోడెమ్. ఐడీ ఎలా తీసుకోవాలో తమ్ముడికి తెలీదు. కౌంటర్లో కుర్రాడే వచ్చి పక్కన వంగి పేరు కొట్టి చూశాడు. ఆ పేరుతో ముందే ఎవడో ఉన్నాడు. ఇంటిపేరు చేర్చాడు, అదీ ఉంది. పుట్టిన సంవత్సరం తగిలించాక దొరికింది. పాస్‌వర్డు పాకెట్ డైరీ చివరి పేజీకి ఎక్కింది. తర్వాత రెజ్యూమేలోకి, జీఆర్ఈ దరఖాస్తులోకి, విజిటింగ్ కార్డు మీదికి ఆ అడ్రసే పాకింది.

ఆ కేఫ్ కుర్రాడు రోజుకి ఎందరికి ఖాతాలు తెరిచిపెట్టాడో! హాట్‌మెయిల్‌కి అతనెవరో తెలీదు, జీతమూ కమీషనూ ఇవ్వలేదు. ఖాతా తెరిస్తే కస్టమరు రేపు మళ్లీ వస్తాడు, గంట లెక్కన తన గల్లా నిండుతుంది. ఎవరి లాభం కోసం వాళ్లు చేసుకున్న పని ఎక్కడో కాలిఫోర్నియాలో అంకెలు పెంచింది.

40 కోట్ల బేరం

కొన్ని నెలలు గడిస్తే పోటీ ముంచుకొస్తుందని వాళ్లకి తెలుసు, వచ్చింది కూడా. రాకెట్‌మెయిల్ అనే సైటు అదే సరుకుతో దిగింది. 1997 అక్టోబరులో దాని మాతృ కంపెనీని యాహూ కొనేసి యాహూ మెయిల్ మొదలుపెట్టింది. మైక్రోసాఫ్ట్ హాట్‌మెయిల్ తలుపు తట్టింది. తొలి ధరకి సబీర్ లొంగలేదు. ఎదుటివాళ్లు కోపంతో లేచిపోయినా, తనవాళ్లే ఇక ఒప్పుకోమని పోరినా నెలల తరబడి బెట్టు చేశాడు. చివరికి 1997 డిసెంబరు 31న బేరం ప్రకటించారు. మైక్రోసాఫ్ట్ షేర్ల రూపంలో సుమారు 40 కోట్ల డాలర్లు. అంతకు ముందురోజే అతనికి 29 నిండాయి. మైక్రోసాఫ్ట్ అంతటిది తానే మెయిల్ సైటు కట్టుకోలేదా? కట్టుకోగలదు. అది కొన్నది ఒకరికొకరు రాసుకుంటూ అల్లుకుపోయిన ఆ జనాన్ని.

కథ ఇక్కడ ఆపితే వీరగాథ అవుతుంది. కానీ సబీర్ తర్వాత ఆర్జూ అనే కంపెనీ పెట్టాడు. ఈసారి పేరుంది, డబ్బుంది, పత్రికలు వెంటపడి రాశాయి. 2001లో అది మూతపడింది. డాట్‌కామ్ బుడగ పేలిన కాలమది, నిజమే. దానికి తోడు, ఒకడు వాడితే ఇంకొకడిని లాక్కొచ్చే గుణం ప్రతి సరుకుకీ ఉండదు. అదే మనిషి, అదే తెలివి, అంతకు ఎన్నో రెట్లు పెట్టుబడి. ఉత్తరం మాత్రం లేదు.

కొత్తగా కంపెనీ పెట్టే మన కుర్రాళ్లు హాట్‌మెయిల్ కథలోంచి తరచూ తప్పు ముక్క పట్టుకుంటారు. అడుగున ఒక లైను తగిలిస్తే చాలనుకుంటారు. ఇవాళ ప్రతి యాప్ అడుగునా ఒక లైనుంది, దాన్ని చదివే కన్ను లేదు. ఆనాడు ఆ లైను పనిచెయ్యడానికి మూడు కలిసొచ్చాయి. ఉత్తరం ఒక్కరే వాడుకునే వస్తువు కాదు, అవతల ఇంకొకరు ఉండి తీరాలి. ఆ లైను అపరిచితుడి నుంచి రాలేదు, తెలిసినవాడి మాటల కింద వచ్చింది. వాడు వాడుతున్నాడంటే పనిచేస్తోందనడానికి ఆ ఉత్తరమే రుజువు. నొక్కగానే దొరికింది, డబ్బు అడగలేదు. మూడింటిలో ఏ ఒకటి లేకపోయినా అది ఇంకో ప్రకటన అయ్యేది.

దుకాణాలకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీకి ఈ దారి ఉంది. దుకాణదారు పంపే బిల్లులు వంద ఫోన్లలో తెరుచుకుంటాయి, ఆ వందలో నలుగురు దుకాణాలున్నవాళ్లే. చీటీపాటల లెక్కలు చూసే యాప్‌కి ఉంది, సభ్యులందరూ చూడాల్సిందే కాబట్టి. ఒంటరిగా కూర్చుని వాడుకునే డైటింగ్ యాప్‌కో, నిద్రలేమికి ఇచ్చే పాఠాలకో అంత సులువుగా ఉండదు. వాళ్లు చెప్పులరిగేలా తిరిగి ఒక్కొక్కరినీ ఒప్పించుకోవాలి, తప్పదు. అందులో నామోషీ ఏమీ లేదు. కాకపోతే తమ సరుకు ఏ జాతిదో మొదటి రోజే తేల్చుకోవాలి. సరుకు మొత్తం తయారై, గోదాములో పడ్డాక, ఇప్పుడు జనానికి ఎలా చెప్పడం అని తల పట్టుకుంటే మిగిలేవి హోర్డింగులూ రేడియోలే. సబీర్, జాక్‌లకి కూడా ముందు తట్టినవి అవే. వాటికి చాలినంత డబ్బు లేకపోవడమే వాళ్ల అదృష్టం.